సీటు వృథా అనే వాదనలో పస ఎంత?

ముప్ఫై దాటిన మనిషి చేస్తున్న ఉద్యోగం మానేసి వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాస్తానంటే చాలు, మన ఇళ్ళలో పంచాయితీ మొదలవుతుంది. ఈ వయసులో పరీక్షలేమిట్రా అంటాడు మేనమామ. అసలు రూల్సే ఒప్పుకోవంటాడు పక్కింటాయన. ఒప్పుకున్నా నువ్వెన్నాళ్ళు వైద్యం చేస్తావు, కుర్రవాళ్ళ సీటు వృథా చేయడం కాకపోతే, అని తీర్పు చెప్పేస్తాడు నలుగురికీ సలహాలిచ్చే పెద్దమనిషి. ముగ్గురూ మంచి కోరేవాళ్ళే. ముగ్గురి మాటా తప్పే. అందులో మూడోది మరీ ప్రమాదకరం, ఎందుకంటే అది న్యాయం మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

ఈ పంచాయితీ గుజరాత్‌లోని సూరత్‌లోని తెలుగు ఇళ్ళలో ఎలా ఉంటుందో చూస్తే విషయం తేటపడుతుంది. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు సాంచెల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ తరాలుగా ఆ ఊరు చేరాయి. లింబాయత్ సందుల్లో తెలుగు మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులూ నడిపింది. తండ్రి పన్నెండు గంటల షిఫ్టులో సాంచెల దగ్గర నిలబడితే, కొడుకు రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తాడు, కూతురు ల్యాబ్ టెక్నీషియన్ అవుతుంది. డాక్టరు కావాలన్న కోరిక ఇలాంటి ఇళ్ళలో ఆలస్యంగా పుట్టడం సహజం. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకుంటే ఏ దారి తెరుచుకుంటుందో చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. ఇల్లు నిలబడాలంటే పద్దెనిమిదికే జీతం రావాలి. అలా పదేళ్ళు సంపాదించి, తమ్ముణ్ణి చదివించి, చెల్లి పెళ్ళి చేసి, ఇప్పుడు నాకోసం చదువుకుంటానన్న మనిషికి నీ టైము అయిపోయిందని చెప్పడం ఎంత అన్యాయమో ఆ చెప్పేవాళ్ళకు తోచదు.

ముందు పక్కింటాయన సంగతి తేల్చేద్దాం, అది సులువు. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఉందన్న మాట ఒకప్పుడు నిజమే. 2018 జనవరిలో భారత వైద్య మండలి తన నిబంధనలు సవరించి, సాధారణ వర్గానికి 25 ఏళ్ళు, రిజర్వేషన్ వర్గాలకు 30 ఏళ్ళు అని గీత గీసింది. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. నవంబరు 29న సుప్రీంకోర్టు, తుది తీర్పుకు లోబడి, 25 దాటినవాళ్ళనూ పరీక్ష రాయనివ్వమంది. ఆ తర్వాత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2021 అక్టోబరు సమావేశంలో కమిషనే వయోపరిమితి అక్కర్లేదని నిర్ణయించి, 2022 మార్చి 9న పరీక్ష నిర్వహించే ఏజెన్సీకి లేఖ రాసింది. ఇప్పుడు మిగిలింది కనీస వయసు ఒక్కటే: చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. ఎన్నిసార్లు రాయవచ్చన్న దానికీ పరిమితి లేదు. చెల్లిపోయిన నిబంధనను పట్టుకుని ఇప్పటికీ జనాన్ని వెనక్కి పంపేవాళ్ళు కనీసం కొత్త సమాచార బులెటిన్ ఒకసారి తిరగేస్తే మంచిది.

"ఎంపీసీ చదివినవాడివి, నీకెలా కుదురుతుంది?" అనేది ఈ మాటకే తమ్ముడు. ఇదీ పాతబడింది. పదకొండు, పన్నెండు తరగతుల్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు రెండేళ్ళ పాటు రెగ్యులర్‌గా చదివి ఉండాలని ఒకప్పుడు పట్టుబట్టేవారు. 2023 నవంబరులో కమిషన్ ఇచ్చిన ప్రకటనతో ఆ ముడి వీడింది. పన్నెండో తరగతి పాసైన తర్వాత కూడా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైతే నీట్‌కు అర్హత ఉంది. ఇంజనీరింగ్ చేసినవాడికి ఇది ఒక్క సబ్జెక్టు పని. బీకాం చేసినవాడికి మూడు సైన్సులూ తలకెత్తుకోవలసిన పని. బరువులో తేడా ఉంది కాని, దారి ఇద్దరికీ ఉంది.

ఇక పెద్దమనిషి సంగతి. ప్రభుత్వం ఒక వైద్య విద్యార్థి మీద లక్షలు ఖర్చు పెడుతుంది, పద్దెనిమిదేళ్ళవాడికిస్తే నలభై ఏళ్ళు సేవ చేస్తాడు, ముప్ఫై అయిదేళ్ళవాడికిస్తే ఏం మిగులుతుంది, అన్నది ఆయన వాదన. లెక్కలతోనే మాట్లాడుకుందాం. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఏడాది. 35 ఏళ్ళకు చేరినవాడు 41 లోపు బయటికొస్తాడు. కేంద్ర ఆరోగ్య సర్వీసుల్లో వైద్యుల విరమణ వయసు 65. వైద్య కళాశాలల్లో అధ్యాపకులను 70 దాకా ఉండనిస్తున్నారు. అంటే 65 లెక్కన చూసినా ఈ ఆలస్యపు డాక్టరు చేతిలో ఇరవై నాలుగేళ్ళున్నాయి. ఇరవై నాలుగేళ్ళ వైద్యాన్ని వృథా అనగలవాళ్ళు ఏ ఊళ్ళో కాపురముంటున్నారో గాని, మన ఊళ్ళలో మాత్రం కాదు.

ఈ లెక్క కాగితం మీదిది కాదనడానికి సూరత్ చరిత్రే సాక్ష్యం. 1895లో ఆ ఊరి మహిళల ఆసుపత్రికి రుఖ్మాబాయి అనే వైద్యురాలు వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు. పదకొండో ఏట పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. భర్త దాదాజీ భికాజీ 1884లో బొంబాయి హైకోర్టుకెక్కాడు. 1885లో జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పిచ్చాడు. అప్పీలు తర్వాత 1887లో జస్టిస్ ఫారన్, భర్త దగ్గరికి వెళ్ళు లేదంటే ఆరు నెలలు జైలుకు వెళ్ళు అన్నాడు. జైలుకే వెళ్తానంది. 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరింది. తోటివాళ్ళు చదువు ముగించే వయసంతా ఆమెకు కోర్టు వాయిదాల్లో గడిచిపోయింది. 1889లో, పాతికకు దగ్గరపడిన వయసులో, లండన్ మహిళా వైద్య కళాశాలలో చేరి 1894లో చదువు ముగించింది. తర్వాత సూరత్‌లో రెండు దశాబ్దాలకు పైగా, ఆపైన రాజ్‌కోట్‌లో, 1929 ప్రాంతంలో విరమించేదాకా వైద్యం చేసింది. ముప్ఫైలో మొదలుపెట్టి దాదాపు ముప్ఫై నాలుగేళ్ళు.

రుఖ్మాబాయి ఉద్యోగం మానేసి వైద్యంలోకి వచ్చిన మనిషి కాదు, ఆ తేడా ఉంది. జీవితం దారి మళ్ళించడం వల్ల ఆలస్యంగా మొదలుపెట్టిన మనిషి. మన ఆలస్యపు అభ్యర్థుల్లో చాలామంది అచ్చంగా అలాంటివాళ్ళే. 2018 నాటి పాతికేళ్ళ గీతను 1889లో గీసి ఉంటే ఆమెకు మహా అయితే ఒక్క ప్రయత్నం దక్కేది. అది తప్పితే సూరత్ ఆడవాళ్ళకు ఆ వైద్యురాలు ఉండేది కాదు. సీటు వృథా అనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు కావాలా?

ఆ వాదనలో మరో లొసుగు ఉంది. వైద్యం చదివి వేరే దారి పట్టినవాళ్ళను మనం నెత్తిన పెట్టుకుంటాం. భోగరాజు పట్టాభి సీతారామయ్య మద్రాసులో వైద్యం చదివి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టి, దాన్ని వదిలి జాతీయోద్యమంలోకి వెళ్ళారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. జయప్రకాశ్ నారాయణ గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఐఏఎస్ అయ్యారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గుల్బర్గాలో ఎంబీబీఎస్ చేసి, కొన్నాళ్ళు వైద్యం చేసి, ముప్ఫై నిండకముందే శాసనసభకు వెళ్ళారు. సీటు వృథా అయిందని వీళ్ళను ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. వాళ్ళ చదువు వాళ్ళ ప్రజాజీవితానికి పనికొచ్చిందనే అంటాం. మరి 2020లో ఒడిశాలో 64 ఏళ్ళ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి నీట్ పాసై బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరితే, సగం దేశం చప్పట్లు కొట్టి మిగతా సగం సీటు పోయిందని ఎందుకు గోల పెట్టింది? డాక్టరు బ్యాంకు పెడితే మహనీయుడు, బ్యాంకు మనిషి డాక్టరు కాబోతే దండగమారి. వైద్యంలోంచి బయటికి పోయే తలుపు బార్లా తెరిచి, లోపలికొచ్చే తలుపు దగ్గర మాత్రం పుట్టినతేదీ పత్రం అడగడం ఏ న్యాయం?

64 ఏళ్ళ మనిషి విషయంలో సేవాకాలం ప్రశ్న బలమైనదే. నేను దాన్ని కొట్టిపారేయను. కాని దేశమంతటా అలాంటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉంటారేమో. ఆ ఒక్క కథను అడ్డుపెట్టుకుని 28 ఏళ్ళ నర్సునూ, 33 ఏళ్ళ ఫార్మసిస్టునూ ఒకే గాటన కట్టేయడం మోసం. పైగా సీటు ఎవరి సొత్తూ కాదు. 2025లో 22 లక్షల మందికి పైగా నీట్ రాస్తే 12.36 లక్షల మంది అర్హత సాధించారు. ఎంబీబీఎస్ సీట్లు ఆ అర్హుల్లో పదోవంతు దరిదాపు. అంత పోటీలో 180 ప్రశ్నలకు జవాబులు గుర్తించి ర్యాంకు తెచ్చుకున్న మనిషి కుర్రవాళ్ళ సీటు కొట్టేశాడనడం వింత. ఓఎమ్మార్ షీటుకు నెరిసిన జుట్టు కనపడదు. ప్రజల డబ్బుతో చదివిన చదువు ప్రజలకు తిరిగి రావాలంటే దానికి సాధనం వేరే ఉంది. గుజరాత్‌లో ప్రభుత్వ సీటులో చదివినవాళ్ళకు గ్రామీణ సేవ బాండు ఉంది. అది పద్దెనిమిదేళ్ళవాడికీ ముప్ఫై అయిదేళ్ళవాడికీ ఒక్కటే. గట్టిగా అమలు చేయమని అడగవలసింది ఆ బాండునే.

ఇక మేనమామ మాట. ఈ వయసులో బుర్రకెక్కదని ఆయన భయం. ఇదే మేనమామ డల్లాస్‌లో ఉన్న అక్క మనవడికి మెడికల్ సీటొచ్చిందని వీధి వీధంతా స్వీట్లు పంచుతాడు. ఆ మనవడి వయసెంత? అమెరికాలో ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష, ఆ తర్వాతే నాలుగేళ్ళ వైద్య విద్య. ఇరవై రెండుకు ముందు అక్కడ తరగతిలో అడుగుపెట్టేవాళ్ళే అరుదు. మధ్యలో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చారంటే దరఖాస్తుకు అది బలం. ఇంటర్ కాగానే వైద్యంలోకి దూకాలన్నది మన దేశం పెట్టుకున్న పద్ధతి, మెదడు పెట్టిన షరతు కాదు. జర్మన్ వేదాంతి, ఆర్గాన్ విద్వాంసుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ అప్పటికే రెండు డాక్టరేట్లు పుచ్చుకుని, 1905లో ముప్ఫై ఏళ్ళ వయసులో వైద్య కళాశాల మెట్లెక్కాడు. 1913లో ఆఫ్రికాలోని లాంబరేనేకు వెళ్ళి ఆసుపత్రి పెట్టాడు. ఆ తర్వాత మరో అర్ధశతాబ్దం బతికాడు.

కష్టం లేదని అనడం లేదు. పదేళ్ళుగా భౌతికశాస్త్రం ముఖం చూడనివాడు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి, కోచింగ్‌లో పగలంతా కూర్చునే పదిహేడేళ్ళ పిల్లలతో పోటీ పడాలి. సీటొచ్చాక అనాటమీ క్లాసులో అంకుల్ అనిపించుకోవాలి. మొదటి ప్రొఫెషనల్ పరీక్షకు నాలుగు ప్రయత్నాలు, మొత్తం కోర్సుకు తొమ్మిదేళ్ళ గడువు. అయితే ఈ గడువులు అందరికీ ఉన్నవే, తప్పే కుర్రవాళ్ళూ తప్పుతారు. కష్టం వేరు, అనర్హత వేరు.

వైద్యుడి విలువను పుట్టిన సంవత్సరంతో కొలవడం ఎంత పొరపాటో సూరత్ 1994 సెప్టెంబరులో చూసింది. ప్లేగు వార్తతో లక్షలమంది ఊరు విడిచారు. చాలామంది ప్రైవేటు వైద్యులు క్లినిక్‌లకు తాళం వేసి వాళ్ళతో పాటే వెళ్ళిపోయారు. రోగులు చేరింది ప్రభుత్వ సివిల్ ఆసుపత్రికి, చూసుకున్నది అక్కడి సిబ్బంది. ఆలస్యంగా చదివినవాళ్ళయితే పారిపోయేవాళ్ళు కాదని నేను అనను. ఎవరు నిలబడతారో, ఎవరు పోతారో పదో తరగతి మెమో చెప్పలేదంటున్నాను. ఆ సంగతి చెప్పలేని కాగితాన్ని పట్టుకుని సేవాకాలం లెక్కలు కట్టడం దండగ.

ఇంతదాకా వచ్చాక మరో గుంపుకూ సమాధానం చెప్పాలి. వయసు ఒక అంకె మాత్రమే, కల కంటే చాలు, ఉద్యోగం రేపే వదిలెయ్ అనే ప్రేరణ వ్యాపారులు. వీళ్ళు మేనమామ కన్నా ఎక్కువ హాని చేస్తారు. మేనమామ మాట వింటే పోయేది కోరిక, వీళ్ళ మాట వింటే పోయేది ఇల్లు. తయారీకి రెండేళ్ళు, చదువుకు అయిదున్నరేళ్ళు వేసుకున్నా దాదాపు ఏడున్నరేళ్ళు జీతం రాదు. అద్దె, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు ఆగవు. ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తే ఫీజు భరించగలిగేదే. రాకపోతే యాజమాన్య కోటా బ్రోకరు ఒకవైపు, విదేశీ సీట్ల ఏజెంటు మరోవైపు కాచుకుని ఉంటారు. వయసు మీరింది, ఇక్కడ కాదు, అక్కడికి పద అని ఏజెంటు చెప్పే మాటలో అతను చెప్పనివి కొన్ని ఉన్నాయి. విదేశంలో చదవడానికీ నీట్ అర్హత ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మాధ్యమంలో ఉండాలి. అక్కడ పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ పన్నెండు నెలలు, పైన అర్హత పరీక్ష. త్వరగా అయిపోతుందని వెళ్ళినవాడికి అసలు దారి కన్నా దొడ్డిదారి పొడుగని అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది.

వలస కుటుంబాలకు వయసు కన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది, దాని గురించి సలహాదారులు ఎవరూ మాట్లాడరు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటావి, మిగతావి రాష్ట్ర కోటావి. తెలంగాణ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం స్థానికుడు కావాలంటే ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్ళు అక్కడే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సూరత్‌లో చదివిన సిరిసిల్ల బిడ్డ సిరిసిల్లకు పరాయి. రిజర్వేషన్ సంగతికొస్తే, 1990 నాటి మర్రి చంద్రశేఖరరావు కేసు ఉండనే ఉంది. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన విద్యార్థి, ఆంధ్రలో తనకున్న షెడ్యూల్డ్ తెగ హోదాతో బొంబాయిలో వైద్య సీటు అడిగితే, వలస వెళ్ళిన రాష్ట్రానికి ఆ హోదా వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. భాష దగ్గరా ఇదే తంతు. నీట్ తెలుగుతో కలిపి పదమూడు భాషల్లో జరుగుతుంది, కాని తెలుగు ప్రశ్నపత్రం తెలుగు రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు. సూరత్ కేంద్రంలో రాసేవాడు ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, గుజరాతీల్లో ఒకటి ఎంచుకోవాలి. దరఖాస్తు నింపే ముందు చూసుకోవలసినవి ఇవి.

కాబట్టి ముప్ఫై దాటిన మనిషి వచ్చి నీట్ రాయనా అని అడిగితే అడగవలసినవి మూడే. ఏడెనిమిదేళ్ళు ఇల్లెవరు నడుపుతారు? ఆసుపత్రి లోపల, మందుల వాసన మధ్య, కొన్ని నెలలైనా పనిచేసి చూశావా? ఏ రాష్ట్రపు కోటాలో, ఏ వర్గంలో నీ పేరు వస్తుందో కనుక్కున్నావా? మూడింటికీ జవాబున్నవాణ్ణి ఆపే హక్కు ఎవరికీ లేదు. లేనివాణ్ణి ఆపడానికి వయసు అక్కర్లేదు, ఇరవై ఏళ్ళవాడైనా ఆగవలసిందే.

చివరగా పెద్దమనిషికి ఒక పని అప్పగిస్తాను. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 32 ఏళ్ళు, కేంద్ర ఆరోగ్య సర్వీసు పోస్టులకు 35, రిజర్వేషన్ వర్గాలకు కొన్నేళ్ళ సడలింపు. 30 ఏళ్ళకు ఎంబీబీఎస్‌లో చేరినవాడు ఇంటర్న్‌షిప్ ముగించేసరికి ఆ రెండు గడువులూ దాటిపోతాయి. రాష్ట్రాల నియామకాల్లో పరిమితి ఇంతకంటే పైన ఉంటుంది, కాని ఉంటుంది. అంటే చదువు తలుపు దగ్గర తీసేసిన గడియను ప్రభుత్వం ఉద్యోగం తలుపుకు అలాగే ఉంచింది. ప్రజల సొమ్ముతో డాక్టరును తయారుచేసి, ప్రజల ఆసుపత్రిలో చేరడానికి వయసు మీరిందని ప్రైవేటు వైపు తరిమే పద్ధతి ఇది. వృథా గురించి నిజంగా బాధపడేవాళ్ళు ఆ గడువులను మార్చమని ఒక అర్జీ రాయాలి. అది రాయనంతకాలం వాళ్ళకు ప్రజల సొమ్ము మీద బెంగ ఉందని నేను నమ్మను. ఎదుటివాడు కొత్తదారి తొక్కితే చూడలేకపోవడమే వాళ్ళ అసలు ఇబ్బంది.